పద్నాలుగు వేల అడుగుల ఎత్తున

వెంకయ్య కొట్టిన దెబ్బకు జీపు డ్రైవరు స్టాంజిన్ వెళ్లి టెంటు గుంజ మీద పడ్డాడు.

"మళ్లీ అను! నీచు అని ఇంకోసారి అను, నాలిక కోస్తా!"

2008 జూన్. లడఖ్‌లో మారుమూల సరస్సు ఒడ్డు, పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. తెనాలి నుంచి యాత్రకొచ్చిన వాళ్లంతా టెంట్లలోంచి తలలు బయటపెట్టి చూస్తున్నారు. నీలం నీళ్ల వెనక మంచు కొండలు మెరుస్తున్నాయి. అవేవీ వెంకయ్య కంటికి ఆనడం లేదు.

నిన్న సాయంత్రం ఇక్కడికి చేరారు. అతని భార్య గంగాభవాని పొద్దుటి నుంచి కక్కుతోంది. తల పగిలిపోతోందంటోంది. వెంకయ్య కంగారుపడలేదు. బాపట్ల తీరంలో ముప్పై ఏళ్లు పడవ నడిపినవాడు. మొదటిసారి వేటకొచ్చినవాళ్లు ఇలాగే కక్కుతారు. వాళ్ల కోసం ఎవడూ పడవ వెనక్కి తిప్పడు. మర్నాటికి వాళ్లే లేచి వల లాగుతారు.

"పడుకోవే, అదే సర్దుకుంటుంది" అన్నాడు.

అప్పుడొచ్చాడు స్టాంజిన్. ఆవిడ పెదాలు చూశాడు, గోళ్లు చూశాడు. వెంకయ్య భుజం పట్టుకుని కుదుపుతూ "నీచే! నీచే!" అని అరిచాడు. వెంకయ్యకు హిందీ రాదు. ఆ ఒక్క మాటే చెవిన పడింది. సంచిలో ఎండు చేపలున్నాయని మూడు రోజులుగా జీపులో ముక్కులు మూసుకుని తోటివాళ్లు గొణిగిన మాట. బస్సెక్కితే పక్కవాడు లేచిపోతూ అనే మాట. నీచు కంపు.

అందుకే కొట్టాడు.

టూరు మేనేజరు పున్నారావు పరుగెత్తుకొచ్చాడు.

"వీడేం కూశాడు? నీకు హిందీ వచ్చుగా, చెప్పు!" అన్నాడు వెంకయ్య.

పున్నారావు ఒక్క క్షణం తటపటాయించాడు. "పొగరుమోతు వెధవ, వదిలెయ్యండి బాబాయ్. నేను మందలిస్తాగా. పిన్నిని పడుకోబెట్టండి. రేపు అందరం కలిసి దిగుదాం."

స్టాంజిన్ లేచాడు. పెదవి చిట్లి నెత్తురొస్తోంది. తిరిగి కొట్టలేదు. పున్నారావు మీదికి వెళ్లి మళ్లీ అదే మాట అంటూ హిందీలో ఏదో గబగబా అరిచాడు. వెంకయ్య చెయ్యెత్తాడు.

"ఆగు అన్నయ్యా!"

పక్క టెంటు జానీ బీ. తెనాలిలో టైలరింగ్ చేస్తుంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ.

"నీచే అంటే కిందకి అని! నీచు కాదు! వదినకి గాలి చాలట్లేదంట. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుద్దంట. వెంటనే కిందకి దించమంటన్నాడు. పొద్దుట్నుంచి మూడుసార్లు చెప్పాడంట, ఈ పెద్దమనిషికి!"

వెంకయ్య మెల్లగా పున్నారావు వైపు తిరిగాడు.

"మూడుసార్లా?"

"అది కాదు బాబాయ్, ఉన్నవి రెండు బళ్లేనండి. ఒకటి దిగిపోతే మిగతావాళ్ల ప్రోగ్రామంతా..."

వెంకయ్య అతని కాలరు పట్టుకుని లేపాడు. "నా పెళ్లాం చస్తుంటే నీకు ప్రోగ్రామా? జీపు తాళాలియ్యి!"

తాళాలు నేల మీద పడ్డాయి. స్టాంజిన్ అందుకున్నాడు.

టెంటులో గంగాభవాని పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గుండెల్లో గురగుర. ఆ చప్పుడు వెంకయ్యకు తెలుసు. చిల్లు పడిన పడవలోకి నీరెక్కే చప్పుడు. ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని పరుగెత్తాడు. పది అడుగులకే అతనికీ ఆయాసం వచ్చింది.

జీపు రాళ్ల మీద ఎగురుతూ దిగింది. జానీ బీ గంగాభవాని తలను ఒళ్లో ఎత్తి పట్టుకుంది. వెంకయ్యకు "సర్దుకుంటుంది" అన్న తన నోటిని తనే పగలగొట్టుకోవాలనిపించింది.

మూడు గంటల తర్వాత లోయలోని మిలిటరీ ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు డాక్టరు. గంగాభవాని కళ్లు తెరిచి, "చెయ్యి వాచిందేంటయ్యా?" అంది.

వెంకయ్య విసురుగా బయటికొచ్చాడు. స్టాంజిన్ బానెట్ మీద కూర్చుని పెదవికి గుడ్డ అద్దుకుంటున్నాడు.

"జానమ్మా, నన్ను కొట్టమని చెప్పు."

ఆమె చెప్పింది. స్టాంజిన్ నవ్వబోయి, పెదవి మండి ఆగిపోయాడు. తల అడ్డంగా ఊపాడు.

వెంకయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వుతాడేంటి! కొట్టమను! కొట్టేదాకా ఇక్కణ్ణుంచి కదలనని చెప్పు!"