వ్యతిరేక పక్షంలో కనకరత్నం

గిలకలదిండి రేవులో కనకరత్నం గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆమె చేపల వేలంపాట మొదలుపెడితే అవతలి గట్టున వల బాగుచేసుకుంటున్నవాడు కూడా తలెత్తి చూస్తాడు. అలాంటి మనిషి ఉన్నట్టుండి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఐసు పెట్టెల పక్కన కూర్చుని తనలో తను తల ఊపుకోవడం మొదలుపెట్టేసరికి భర్త వెంకటస్వామికి భయం వేసింది.

"ఏంటే అది, మొక్కుబడా?" అనడిగాడు.

"చదువయ్యా. యూనివర్సిటీ చదువు. ఫీజు లేదు, ఇల్లు కదలక్కర్లేదు."

కనకరత్నం ఒకప్పుడు బందరులో డిగ్రీ చదివింది. రెండో ఏడు తప్పింది. ఆ సిగ్గుతో మళ్ళీ కాలేజీ వైపు వెళ్ళలేదు. పాతికేళ్ళ తర్వాత ఫోనులో రొయ్యల వేపుడు కోసం వెతుకుతుంటే, ఓ యూనివర్సిటీ వాళ్ళు తెలుగులో ఉచితంగా చెప్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి కనిపించింది. పేరు 'వాదించడం ఎలా'. ఇది మనకు వచ్చిందేగా అనుకుని చేరిపోయింది. తనకు వచ్చింది అరవడమే గాని వాదించడం కాదని మొదటి పాఠంలోనే తేలిపోయింది.

అక్కడినుంచి వెంకటస్వామికి కష్టాలు మొదలయ్యాయి.

"అందరూ నవ్వుతున్నారే నిన్ను చూసి" అన్నాడొక రోజు.

"అందరూ అంటే ఎవరు? ఇద్దరు నవ్వితే అందరూ నవ్వినట్టా? దాన్ని తొందరపాటు నిర్ధారణ అంటారు."

"ఈ వయసులో చదివి ఏం బాగుపడతావు?"

"బాగుపడనని ముందే తేల్చేసి అడుగుతున్నావు. అదీ తప్పే."

అతను పక్కింటి వీరమ్మ దగ్గర మొరపెట్టుకున్నాడు. వీరమ్మ అంతా విని, "ఆ చదువేదో బాగుంది అన్నయ్యా, నన్ను కూడా చేర్చమని చెప్పవా" అంది.

కోర్సు చివర పరీక్ష, వీడియోలో వాదన. పాఠాలు చెప్పే జీవన్ కుమార్ గారు తెరమీద ఉంటారు. ఎదురు వాదించడానికి గుడివాడ అమ్మాయి శ్రావ్య. గదిలో వేరే మనిషి గొంతు వినపడకూడదు. అందుకని వెంకటస్వామి గుమ్మం బయట కాపలా నిలబడి, వచ్చే ఆటోలను సైగలతోనే వెనక్కి పంపించాడు. మనుషులను మాత్రం ఆపలేకపోయాడు. కాసేపటికి కిటికీ దగ్గర సగం వీధి చేరింది. వాళ్ళను తోసుకుని తనూ లోపలికి తొంగిచూశాడు.

"మధ్యలో ఆగిన చదువు మళ్ళీ మొదలుపెట్టడం వృథా. ఇదీ అంశం" అన్నారు జీవన్ కుమార్ గారు. "కనకరత్నం గారూ, వృథా అని మీరు వాదించాలి."

కనకరత్నం ఫోను వైపు వంగింది. "నేనాండీ?"

"మీరేనండీ."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. "పొద్దస్తమానం పుస్తకం పట్టుకుంటే ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరండీ? రేవులో బేరం పోదా? వయసులో ఎక్కని పాఠం ఇప్పుడెక్కుతుందా?" అని ఒక్కొక్కటే అందుకుంది. కిటికీ దగ్గరున్నవాళ్ళు నిజమే, నిజమే అన్నట్టు తలలూపారు. చివరికి వచ్చేసరికి ఆ గొంతు తగ్గింది. రేవులో ఎవరూ ఎన్నడూ వినని గొంతు అది. "పోనీ చదివాం అనుకోండి. మళ్ళీ తప్పితే? అప్పుడంటే చిన్నపిల్ల, ఏడ్చి ఊరుకుంది. ఇప్పుడు తప్పితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలండీ?"

శ్రావ్య నోరు తెరవబోయింది. అంతకంటే ముందే తలుపు తెరుచుకుంది.

"అంతా అబద్ధమండీ!" అంటూ వెంకటస్వామి ఫోను ముందుకొచ్చాడు. "చదువులో పడ్డాక మా రత్నం ఒక్క బేరం పోగొట్టుకోలేదు. పొయ్యి నేను వెలిగిస్తున్నాను. పులుసు బాగోదు, అది వేరే సంగతి. తప్పితే తప్పనివ్వండి! ఓ రోజు చేప పడకపోతే వల తగలెట్టుకుంటామా?"

కనకరత్నం నిర్ఘాంతపోయింది. "ఏమయ్యా, నువ్వెవరి పక్షం?"

"నీ పక్షమే!"

"చదువు వృథా అనేదే నా పక్షం!"

వెంకటస్వామి ఆలోచనలో పడ్డాడు. "అయితే నీకు వ్యతిరేకం. అంటే... నీ వైపేనే!"

జీవన్ కుమార్ గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. "అయ్యా, మీరు కోర్సులో చేరలేదు. మీకు మార్కులు వెయ్యలేను."

"నేను చెప్పాలనుకున్నవన్నీ ఆయనే చెప్పేశారు సార్" అంది శ్రావ్య దిగులుగా. ఆ అమ్మాయికి మరోరోజు అవకాశం ఇస్తామన్నారు.

ఫోను కట్టేశాక వెంకటస్వామి నెమ్మదిగా అడిగాడు. "అవన్నీ నిజంగా అన్నావా, పరీక్ష కోసమా?"

"చివరిది నిజమేనయ్యా" అంది.

అతను వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

వారం తిరక్కుండా ఫలితం వచ్చింది. బయటి మనిషి మాట్లాడినందుకు మార్కులు కోశారు గాని, కనకరత్నం పాసైంది. కింద జీవన్ కుమార్ గారు రాశారు: "మీ వాదన చాలా బలంగా ఉంది. దయచేసి దాన్ని నమ్మకండి."

ఆ సోమవారమే ఆలుమగలిద్దరూ బందరులో దూరవిద్య డిగ్రీలో చేర్చుకునే ఆఫీసుకు వెళ్ళారు. ఏ సబ్జెక్టు తీసుకుంటారని అక్కడివాళ్ళు అడిగితే, "చరిత్ర" అంది కనకరత్నం. వెంకటస్వామి ఏదో అనబోయి, ఆమె వాదనకు సిద్ధమై తనవైపు తిరగడం చూసి, టీ తాగొస్తానని బయటికి నడిచాడు.