బోర్లించిన తట్టలు

శరదృతువు ప్రవేశించియు వర్షశేషములగు నీలమేఘములు తూర్పుదిక్కున వ్రేలాడుచుండ ఫేనిలతరంగపరంపరాతాడితమగు బంగాళాఖాతతీరమున అలుగుపేట యను జాలరిపల్లె ముంగిట సర్కారువారు సముద్రమునకడ్డముగా పోయించిన గులకరాళ్ల గట్టు ప్రాతఃకాలపుటెండలో తళతళ మెఱయుచుండెను. కెరటముల ధాటికి ఆ రాళ్లు తొలగిపోవుచున్నవో లేవో కనుగొనుటకై హైమవతి యను సర్వేయరు ఋతువునకొకపరి యచ్చటికి వచ్చి డ్రోను నెగురవేసి చిత్రములు తీయుచుండెను.

ఎన్ని మాఱులు తీసినను గట్టు చెక్కుచెదరినట్లు గానరాలేదు. కుర్చీ విడిచి కదలుట యెఱుంగని ఇంజనీరు సోమసుందరరావు ఆ చిత్రములను జూచియే క్రొత్తరాళ్లు అనవసరమని తేల్చివైచెను. కార్తికపు తుఫానులకు ముందు రాళ్లు పడనిచో సముద్రమున కందఱికంటె చేరువనున్న మైలపల్లి దానమ్మ యిల్లు మిగులదు. అప్పటికే కెరటము ఆమె గోడను తాకి పోవుచుండెను.

ఈ మాఱు హైమవతి చెప్పిన దినమునకు ముందునాడే వచ్చి చూచి నిర్విణ్ణురాలయ్యెను. చుట్టము వచ్చుచున్నాడన్న వాకిలి చిమ్మి ముగ్గు పెట్టినట్లు డ్రోను వచ్చుచున్నదని వినినంతనే పల్లెపడుచులెల్లరు కొట్టుకొనిపోయిన రాళ్లను తట్టల కెత్తి తెచ్చి గట్టును చక్కజేయుచుండిరి! ఆకాశమునుండి చూచువారికి తమ యూరు అందముగా గనబడవలెనని వారి ముచ్చట. పాపము, ఆ ముచ్చటయే వారి కొంప ముంచుచుండెను.

హైమవతి సంగతి విప్పి చెప్పగా దానమ్మ ముఖము జేవురించెను.

"అయితే ఇన్నాళ్లూ మా గొయ్యి మేమే తవ్వుకున్నామా అమ్మా? ఈపాలి రాయి ముట్టుకోం. సముద్రం సేసింది సేసినట్టే సూపించు" అని తట్టలోని రాళ్లను మరల నీటియంచున గుమ్మరించెను. తక్కినవారును అట్లే చేసిరి.

రాత్రి పోటు తాకిడికి మఱునాటి యుదయమునకు దానమ్మ యింటి యెదుట గట్టు నిలువునా తెగియుండెను. గట్టును జూడ రానున్న పై యధికారి రాకను పురస్కరించుకొని వచ్చిన సోమసుందరరావు ఆ గండిని జూచి మండిపడెను.

"పెద్దాయన వచ్చేసరికి ఇది కనబడటానికి వీల్లేదు. ముందు రాళ్లు ఎత్తించండి, డ్రోన్ తరువాత."

"డ్రోన్ ఇప్పుడే లేస్తుంది సార్" అని హైమవతి యుద్యోగభయమును గడ్డిపోచగా నెంచి మీట నొక్కెను.

అంతలో దానమ్మ గండినడుమ తన తట్టను బోర్లించి దానిపై కూర్చుండెను. ఆమె ప్రక్కన ఒకతె తరువాత నొకతెగా పల్లెపడుచులందఱును బారుతీరి కూర్చుండిరి.

"లేవండి! ఫొటోలో పడతారు" అని యతడఱచెను.

"పడాలనే కూకున్నాం బాబూ. మేం కదల్లేదు. కదిలింది మీ రాళ్లే" అనెను దానమ్మ.

పై యధికారి వచ్చి చిత్రమును జూచెను. తెల్లని గట్టు తెగిన మేర యంతయు తలలెత్తి పైకి చూచుచున్న ముఖములే యుండెను.

"ఈ గండిలో ఉన్నదేమిటి?" అని యతడడిగెను.

"ప్రస్తుతానికి గట్టు సార్" అని హైమవతి బదులు పలికెను.

రాళ్ల లారీ తొలిమ్రోత పల్లె మొగలో వినబడువఱకు ఆ తట్టలలో నొక్కటియు వెల్లకిల తిరుగలేదు.