నాలుగో జ్వరం

ఏసుగుడి ఉపదేశికి తెలుగు రాదు. రాదంటే, వస్తాది, గుంటూరు తెలుగు. మా దిబ్బూరహళ్ళి తెలుగు మాత్రం ఆయప్ప చెవికి సగమే ఎక్కేది. ఆ సగంతోనే ఇంత కథ జరిగింది.

మా పురుగులిల్లూ ఏసుగుడీ ఒకే గోడకు అటూ ఇటూ. గుడంటే పెద్ద గుడేం గాదు, మట్టిగోడల మీద పెంకులు. కొన్ని ఇండ్లోళ్ళు దాంట్లో కూడుకోని తప్పెట కొట్టి పాడేవాళ్ళు. మా పక్క పట్టుపురుగులు. పట్టుపురుక్కి సద్దు పడదు, పొగాకు వాసన పడదు, తిరగమోత ఘాటు పడదు. నా మాదిరే, దానికి ఏదీ పడదు. అందుకని ప్రతి ఆదివారమూ నేను గోడ దగ్గర నిలబడి అరిచేదాన్ని. వాళ్ళు కాసేపు తగ్గించి మళ్ళా మొదలుపెట్టేవాళ్ళు. "మీ దేవునికి చెవుడా ఏమప్పా?" అంటే, "చెవుడు గాదమ్మా, మా గొంతులే పెద్దవి" అని నవ్వేవాడు ఆంజనప్ప. సంఘంలో పెద్దమనిషి. బాప్తిస్మంలో యాకోబని పేరు పెట్టినారు గానీ ఊర్లో ఎవురి నోటికీ అది రాలేదు, ఆయప్ప పెండ్లాం నోటికి గూడా.

అది యుద్ధం జరుగుతాండిన కాలం. ఇమానాల్లోంచి దూకే సోల్జర్ల గొడుగులకు మన పట్టే కావల్లంట. పట్టుగూళ్ళకు ఎప్పుడూ లేని గిరాకీ. ఇంట్లో ఉండేదంతా ఊడ్చి ఆ తూరి రెండింతలు పురుగులు పెట్టినాము. పెట్టినంక మా ఆయన బయ్యప్ప చింతామణి సంత నుంచి వస్తా బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కూతుర్లా, అత్తగారిండ్లల్లో ఉండారు. కూలోళ్ళని పిలుద్దామంటే ఎవురి పురుగులతో వాళ్ళు సస్తాండారు. ఇంక నేనొక్కదాన్నే.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగు తూర్లు మేత మాని, తల పైకెత్తుకోని, కదలకుండా పండుకోని చర్మం విడుస్తాది. దాన్నే మేము జ్వరమంటాము. నాలుగో జ్వరం లేచిందంటే అది పురుగు గాదు, రాక్షసి. రాత్రీ పగలూ తింటానే ఉంటాది. అప్పుడు కంబళి ఆకు, అదే మల్బరీ ఆకు, అందీకపోతే గూడు కట్టకుండానే సస్తాది. నా పురుగులు ఆదివారం పొద్దున్నే లేచేటట్ల ఉండాయి. తోట నిండా ఆకుండాది, కోసేదానికి నావి రెండే చేతులు.

శనివారం సాయంత్రం సరిగ్గా అప్పుడే గోడకవతల తప్పెట మొదలైంది. నాకు ఒళ్ళు మండింది.

"ఓ అయ్యా! ఆపప్పా నీ తప్పెట! నా బిడ్డలన్నీ నాలుగో జ్వరంలో పండుకోనుండాయి! మా ఆయన కాలిరిగి మంచానుండాడు! రేపు లేస్తే ఇంత మేత పెట్టే దిక్కు లేదు నాకు!"

తప్పెట టక్కున ఆగింది. కొత్తగా వచ్చిన ఉపదేశి జీవరత్నం గోడ మీంచి తల పెట్టినాడు. మొహంలో నెత్తురు లేదు.

"ఎంతమందండీ?"

"ఎవరు లెక్కపెట్టినారు? ఇల్లంతా ఉండాయి!"

"అయ్యో దేవా!" అని తల దించేసినాడు.

'ఉండాయి' అన్నాను గానీ 'ఉండారు' అన్లేదు కదా. బిడ్డలను ఎవురైనా ఉండాయంటారా? పాపం, మా పక్క మాటే అట్ల అనుకున్నాడంట.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే ఉపదేశి! ఒక చేతిలో గంజి తపేలా, ఇంకో చేతిలో క్వినైన్ సీసా, భుజం మీద తడిగుడ్డలు. ఏసుగుడికి తాళం. ఎనకాల సంఘమంతా నిలబడి ఉండాది.

"పిల్లలెక్కడమ్మా?"

"ఏ పిల్లలప్పా?"

"జ్వరమొచ్చిన పిల్లలండీ!"

నాకు అప్పుడు ఎలిగింది. గోనెపట్టా పక్కకు లాగి చూపించినాను. తట్టల నిండా పురుగులు, అప్పుడే లేచి మేతకు తలలాడిస్తాండాయి. ఆయప్ప పురుగులను చూసినాడు, గంజిని చూసినాడు, మళ్ళా పురుగులను చూసినాడు. మా ఆయన కాలిరిగినంక నేను నవ్వింది అప్పుడే. నవ్వీ నవ్వీ కండ్లల్లో నీళ్ళొచ్చినాయి.

నవ్వాపి చూస్తే, ఎనకాల ఉండేవాళ్ళ చేతుల్లో గంజి లేదు, మాత్రల్లేవు. అందరి చేతుల్లోనూ గంపలూ కొడవండ్లూ.

"ఆంజనప్పా, నీకు తెలుసా ఇవి పురుగులని?" అన్నాడు ఉపదేశి.

"తెలీకేం సామీ, ఈ ఊర్లోనే పుట్టినాం గదా."

"మరి చెప్పలేదేమయ్యా!"

"చెప్పింటే, మీరు ఆరాధన ముగించి పోదామనేవాళ్ళు. మీ ప్రసంగం అయ్యేలోపల ఈ పురుగులు పరలోకం చేరింటాయి."

ఉపదేశి తపేలా దించి, పంచె ఎగగట్టి, "కొడవలెట్టా పట్టుకోవాలండీ?" అన్నాడు.

గంపలు గంపలు ఆకొచ్చింది. తెచ్చినోళ్ళు తెచ్చినట్ల గడప బయట దించి ఎనక్కి జరుగుతాండారు. వాళ్ళు మా గడప తొక్కేది లేదు, మా అత్త కాలం నుంచీ లేదు. లోపల పరిచేదాన్ని నేనొక్కదాన్నే. ఈ కొసన పరిచేసరికి ఆ కొసన ఖాళీ. ఆంజనప్ప పెండ్లాం నెత్తిన గంపతో గడప బయటే నిలబడి, "యాడ దించల్లమ్మా?" అని అడిగింది. ఆయమ్మ కోసిన ఆకునే పురుగులు కరకరా తింటాండాయి.

"పురుక్కి లేని మైల నాకెందుకే తల్లీ! కాళ్ళు కడుక్కోని లోపలికి రాండి, అందురూ!"

మంచం మీంచి బయ్యప్ప మూలిగినాడు. "ఏమే, ఊరేమంటాది?"

"ఊరొచ్చి ఆకు కోస్తే ఊరి మాట వింటాను. నువ్వు పండుకో."

మధ్యాన్నానికి ఇంట్లో ఎటు చూసినా మనుషులే. అప్పుడొచ్చినాడు కోటూ తలపాగా ఏసుకోని ఇంకొకాయన. ఈ పక్క సంఘాలన్నిటికీ పెద్దయ్యగారంట. చిక్కబళ్ళాపురం నుంచి చెప్పకుండా వచ్చినాడు.

"ఏమమ్మా, ఆదివారం పూట గుడికి తాళమేసుండారు. ఈ ఊర్లో సంఘమనేది ఉండాదా, లేదా?"

ఉపదేశి పట్టుకోనుండే తట్టను గబుక్కున కింద పెట్టేసినాడు. పాపం, కొలువు పాయె అనుకున్నాడు. నా నోరు ఊరుకుంటాదా?

"ఉండాది సామీ. గుడి ఆ పక్క, సంఘం ఈ పక్క. నా ఇంట్లో ఆకు పరుస్తాండాది. మీ జేబులో పొడుం డబ్బీ ఉన్నట్లుండాది, వాసనొస్తాంది. దాన్ని బయటపెట్టి కాళ్ళు కడుక్కోని రాండి. ఆ మూల తట్టలకు ఇంకా మేత పడలేదు."

పెద్దయ్య నా పక్క చూసినాడు. లోపల పెంకుల మీద వాన పడినట్ల పురుగులు ఆకు తినే సద్దు. ఆయప్ప పొడుం డబ్బీ తీసి తిన్నె మీద పెట్టినాడు, దాని పక్కన కోటు.

వారమంతా వంతులేసుకోని వచ్చినారు. ఒక్క తట్ట గూడా పోలేదు. పురుగులు పండి చంద్రికలనే వెదురు చాపల మీదికెక్కి గూళ్ళు కట్టుకున్నాయి, తెల్లగా, గట్టిగా.

ఆ పై రెండాదివారాలూ గోడకవతల నుంచి పాట వినబడింది గానీ, గొంతు తగ్గించి, గుసగుసగా. తప్పెట లేదు. నాకు ఎట్లెట్లో అయింది. గోడ దగ్గరికి పొయ్యి, ఎప్పటి మాదిరే గట్టిగా అరిచినాను.

"ఏమప్పా ఆంజనప్పా! తప్పెట యాడ పాయె? కొట్టండప్పా గట్టిగా! నా బిడ్డలు గూళ్ళు కట్టుకున్నాయి!"