క్లారీ కడుపు చెప్పిన తీర్పు

ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టాయని డాక్టరమ్మ చెప్పగానే నా మొగుడు క్లారీ అడిగిన మొదటి ప్రశ్న, శనివారం పందెం ఉంది, వెళ్లొచ్చా అని. పందెం అతనికి కాదు, అతని పావురాలకు: దూరాన వదిలితే ఏది ముందు ఇల్లు చేరుతుందోనని. మా కుర్రి కుర్రి ఊళ్లో బొగ్గు గనులు మూతపడ్డాయి గాని పావురాల పందేలు మూతపడలేదు. పెరట్లో ఆ గూడు మా ఇంటికంటే శుభ్రంగా ఉంటుంది. దాన్ని ఊడ్చేది క్లారీ, ఇంటిని ఊడ్చేది నేను, నాకంత ఓపిక లేదు.

డాక్టర్ ట్రాంటర్ చిన్న వయసు పిల్ల, కాని గట్టిది. ఈకల పొడి, రెట్టల దుమ్ము ఏళ్ల తరబడి లోపలికి పోయి వాపు తెచ్చాయనీ, వాపు మచ్చలైందనీ, పావురాల్ని వదిలేయాల్సిందేననీ చెప్పింది. క్లారీ ఒప్పుకోలేదు. అది తను గనిలో పనిచేసినప్పటి దుమ్ము, పక్షులకేం పాపం తెలియదన్నాడు.

అప్పుడామె ఒక ప్రయోగం సంగతి చెప్పింది. పుల్లటి తేన్పులకు మా వీధిలో సగం మంది మింగే కడుపు మాత్రే ఊపిరితిత్తుల వాపును, మచ్చలను కూడా తగ్గిస్తుందేమోనని చూస్తున్నారట. తగ్గిస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే కనబడే ఉత్తుత్తి మాత్ర. ఎవరికేది పడిందో ఆమెకు కూడా తెలియనివ్వరు. ఏది పడినా పావురాలు మాత్రం పోవాలని ఆమె రెండోసారి కూడా చెప్పింది. క్లారీ చెవికి నచ్చినవే వినబడతాయి. ప్రయోగంలో చేరతానని అక్కడికక్కడే సంతకం పెట్టి, మాత్రల సీసా తీసుకున్నాడు.

"అసలు మాత్ర పడిందనుకో, పక్షులుంటాయి," అన్నాడు కారెక్కగానే. "ఉత్తుత్తిది పడిందనుకో, అన్నీ మెర్వ్‌గాడికిచ్చేస్తా. మాటంటే మాట."

నేను సరేనన్నాను. పందెం కాస్తే క్లారీ తప్పడు. ఒకసారి ఓడిపోయి మీసం తీసేస్తే, అది మళ్లీ మొలిచేదాకా నేను వీధిలో అతని పక్కన నడవలేదు.

ఏ మాత్ర పడిందో తెలుసుకునే దారి చెప్పింది ఆ మెర్వే. ఊరికి ఆ చివర ఉంటాడు, పందేల్లో క్లారీకి ప్రాణ స్నేహితుడు, ప్రాణాంతకమైన పోటీదారు.

"ఒరే, అది కడుపు మాత్రే కదరా," అన్నాడు కంచె మీద మోచేతులు ఆనించి. "మంట పుడితే ఉత్తుత్తిది, పుట్టకపోతే అసలుది. డాక్టర్లెందుకు, నీ కడుపునే అడుగు."

మంట పుడితే పక్షులెవరికి వస్తాయో నేను గుర్తు చేశాను. మెర్వ్ ఆకాశంలో మబ్బులు చూడసాగాడు.

ఆదివారం నాచేత సాసేజ్ కూర వండించారు. క్లారీ రెండు పళ్లేలు లాగించి, వెనిగర్‌లో ఊరిన ఉల్లిపాయల సీసా ఖాళీ చేశాడు. ఛాతీలో మంటకు భయపడి ఏళ్ల క్రితమే మానేసిన ఉల్లిపాయలవి. తర్వాత ఇద్దరూ వరండాలో కూర్చుని, పందెం పావురం కోసం ఎదురు చూసినట్టు మంట కోసం ఎదురు చూశారు. మంట రాలేదు. క్లారీ లేచి ఒక గంతు వేసి, దగ్గి, మాస్కు లేకుండానే గూట్లోకి వెళ్లి ఒక్కో పక్షినీ పేరు పెట్టి పిలిచి శుభవార్త చెప్పాడు. మెర్వ్ ముఖం వేలాడేసుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు ప్యాంటు ఉతకబోతే జేబునిండా సుద్దలాంటి తెల్ల బిళ్లలు. కడుపులో యాసిడ్‌ను విరిచే బిళ్లలవి.

"ఇవి నిన్న కూడా తిన్నావా?"

"రోజూ తింటూనే ఉంటాగా. అవి మందులా ఏంటి, పిప్పరమెంట్లు."

అవేమిటో చెప్పాను. వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. "అయితే ఆ పందెం చెల్లదు," అన్నాడు. "మళ్లీ పెట్టాలి."

మరుసటి ఆదివారం మెర్వ్ మళ్లీ వచ్చాడు, ఈసారి క్లారీ జేబులు నేనే వెతికాను. రెండో పళ్లెం సగంలో ఉండగానే క్లారీ ముఖం ఎర్రబడింది, ఛాతీ పట్టుకున్నాడు, వరండా అదిరేలా తేన్చాడు. "మండుతోంది నోలీన్," అన్నాడు. మెర్వ్ నవ్వలేదు, ఆ మర్యాద అతనికుంది.

డాక్టర్ ట్రాంటర్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. కాసేపు నవ్వి, తర్వాత తిట్టింది. అన్ని ఉల్లిపాయలు తింటే అసలు మాత్ర మింగినవాడికీ మండొచ్చట, దాంతో ఏమీ తేలదట. ఆ మాటే పొల్లుపోకుండా క్లారీకి అప్పజెప్పాను. ఇక పక్షుల్ని వదలడని నాకు ఖాయమైపోయింది.

క్లారీ చాలాసేపు దగ్గాడు. "పక్షులు పోవాలని తెలుసులేవే," అన్నాడు. "మొన్న గూట్లోంచి ఇంటికొస్తూ మధ్యలో కూలబడ్డా. నువ్వు చూళ్లేదు. వాటిని పంపడానికి నాకేదో ఒక సాకు కావాలి, అంతే."

నేను చూశాను. వంటింట్లో నిలబడి, అతను లేచేదాకా ఊపిరి బిగబట్టుకుని చూశాను. ఆ సంగతి చెప్పలేదు.

మెర్వ్ బుట్టలతో వచ్చి అన్నింటినీ తీసుకుపోయాడు. చేతులు మారిన సంగతి పందెం పావురానికి తెలియదు, దానికి ఇల్లొక్కటే తెలుసు. అందుకే మెర్వ్ వాటికి తలుపు తీయలేదు. అయినా నీళ్లు మారుస్తుంటే బెరిల్ తప్పించుకుంది. ఎంతో దూరాన ఉన్న బోర్క్ ఊరి నుంచి ఎగిరొచ్చి పందెం గెలిచిన చుక్కల పావురం అది. సాయంత్రానికి మా గూటి ముందు, మూసిన తలుపు దగ్గర కూర్చుని ఉంది.

క్లారీ పెరటి మెట్టుదాకా వెళ్లి ఆగిపోయాడు. "నేనెళితే తలుపు తీసేస్తా," అన్నాడు. "నువ్వెళ్లు."

ఇన్నేళ్ల కాపురంలో నేనొక్క పావురాన్నీ ముట్టుకోలేదు. అతను వాడని మాస్కు నేను కట్టుకున్నాను. కాళ్లు వేళ్ల మధ్య ఎలా పట్టాలో, రెక్క మీద బొటనవేలు ఎలా ఉంచాలో క్లారీ లోపలికెళ్లి కిటికీ అద్దం వెనక నుంచి చేతులతో చూపించాడు. బెరిల్ వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతిలో టకటకా కొట్టుకుంటోంది. దాన్ని ఇన్నాళ్లు తిట్టినందుకు నాకు సిగ్గేసింది.

మెర్వ్‌కు తిరిగి ఇచ్చేందుకు బుట్టలో పెట్టి కారు దగ్గరికి తెచ్చాను. క్లారీ ఇంటి కిటికీలోంచి చేయి ఊపాడు. నాకు కాదని నాకు తెలుసు. అతనికి బాగా కనబడేలా బుట్టను కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాను.