ఎత్తిన చెయ్యి

శనివారం మధ్యాహ్నం నలభై మంది బిర్యానీకి ఉల్లిపాయలు తరుగుతున్నాను, ఎడమచేత్తో. కుడి మణికట్టు కనబడకుండా స్వెటర్ చెయ్యి వేళ్ళదాకా లాక్కున్నాను. ఈ ఆదివారం చర్చిలో భోజనాల వంతు మాది. మాది అంటే నాది. వాట్సాప్ గ్రూపులో "ఈ వారం మా ఇంటి బిర్యానీ" అని పెట్టడం వరకే మా ఆయన దేవకుమార్ పని. అది ఆయన నెల కిందటే చేసేశారు.

ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం వస్తున్నాయి. మా అత్తగారు లూసీగారు సోఫాలోంచి లేచి వచ్చి గిన్నెలోకి తొంగిచూశారు.

"ఏంటి పర్సిస్, ఇలా నరుకుతున్నావు? వేయిస్తే సగం మాడిపోతాయి, సగం పచ్చిగా ఉంటాయి."

"ల్యాబ్‌లో ఫ్రీజర్ తలుపు తగిలింది అత్తయ్యా. చెయ్యి కొంచెం నొప్పిగా ఉంది."

గురువారం సాయంత్రం నుంచి ఆ అబద్ధం చెప్పడం అది ఐదోసారి. మొదటిసారి దేవకుమార్‌కి చెప్పాను. ఆయన లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, "చూసుకోవాలి కదా" అన్నారు. తర్వాత, "ఆదివారానికి తగ్గిపోతుందిగా?" అన్నారు. మా షాలోమ్‌కి ఏడేళ్ళు. అది మాత్రం నా స్వెటర్ చెయ్యి పైకి తోసి చూసి, "మమ్మీ, నీ హ్యాండ్ ఎందుకు ఇంత బిగ్ అయింది? డాక్టర్‌కి షో చెయ్" అంది. దానికీ ఫ్రీజర్ తలుపు కథే చెప్పాను. ఏడేళ్ళ పిల్లకి అబద్ధం చెప్పేటప్పుడు మనిషికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

జరిగింది ఇది. నేను ఇక్కడ అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో ఒక బయోటెక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. రెండేళ్ళ కిందట మా రెండో కారు ఇంజిన్ పాడైంది. దేవకుమార్ ఆఫీసు రెడ్‌మండ్‌లో, ఉన్న ఒక్క కారు ఆయన తీసుకెళ్తారు. నేను బస్సు మారి బస్సు ఎక్కి, పోనూ రానూ మూడు గంటలు రోడ్డు మీదే ఉండేదాన్ని. ఇంకో కారు కొందామంటే, "నీ ల్యాబ్ ఉద్యోగం కోసం ఇంకో కారా? మానేసి ఇంట్లో ఉండొచ్చుగా" అన్నారు. ఆయన దాన్ని తిట్టులా అనలేదు, నామీద జాలిపడినట్టు అన్నారు. నేను అమలాపురంలో డిగ్రీ చదివేటప్పుడు మా అమ్మ బండి మీద కాలేజీకి వెళ్ళేదాన్ని. అమ్మ నర్సు, ఆమెకి నైట్ డ్యూటీ ఉన్న రోజుల్లో బండి నాది. ఆ ధైర్యంతోనే ఇక్కడ ఒక శని, ఆదివారాలు మోటార్‌సైకిల్ శిక్షణకి వెళ్ళి, లైసెన్సు తెచ్చుకుని, నా జీతంలో దాచుకున్నదానితో మూడు వందల సీసీ పాత హోండా ఒకటి కొన్నాను.

దేవకుమార్ వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత రెండు షరతులు పెట్టారు. చర్చిలో ఎవరికీ తెలియకూడదు, బాగుండదు. రెండోది, దాని మీద ఒక్క గీత పడినా ఆ రోజే అమ్మేయాలి. నేను రెండింటికీ ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక నాకర్థమైంది, ఆ బండి మీద నాకు ఏం జరిగినా ఇంట్లో చెప్పుకునే దారి ఆ రోజే మూసుకుపోయిందని. అయినా వదులుకోలేకపోయాను. హెల్మెట్ పెట్టుకున్న ఆ ఇరవై నిమిషాలూ నన్నెవరూ పిలవలేరు. పాలు అయిపోయాయని, షుగరు మాత్రలు ఎక్కడ పెట్టావని, పిల్ల హోంవర్క్ చేయనంటోందని ఎవరూ చెప్పలేరు. రోజంతా పదిమంది మధ్య ముక్కలు ముక్కలుగా తిరిగే నా ధ్యాస అంతా అప్పుడు ఒకచోటికి వస్తుంది. రోడ్డు, అద్దాలు, పక్క కారులో మనిషి తల. శిక్షణలో ఒక ముసలాయన చెప్పేవారు, కారుని చూడకండి, నడిపేవాడి తల చూడండి, కారు తిరగకముందే తల తిరుగుతుంది అని. తిరగని తలని చూసి ఇంకా భయపడండి అనేవారు.

గురువారం ఐదున్నరకి సన్నగా తుంపర పడుతోంది. నేను కుడి లేన్‌లో ఉన్నాను. ఎడమ లేన్‌లో నా పక్కనే బూడిదరంగు పెద్ద కారు. లోపల మనిషి తల కిందికి వంగి ఉంది. గడ్డం మీద ఫోన్ వెలుగు పడుతోంది. సిగ్నల్ వేయలేదు, అద్దం చూడలేదు, కారు మెల్లగా నా మీదకి జరుగుతూ వచ్చింది. హారన్ కొట్టాను. నా బండి హారన్ ఎంత, పిల్లల సైకిలు గంటంత. కారు తలుపు నా మోకాలికి మూరెడు దూరంలోకి వచ్చింది. బ్రేకు నొక్కుతూ పక్కకి పోయాను. రోడ్డు అంచు దాటగానే కంకర, వెనక చక్రం జారింది. నా కుడిచెయ్యి ముందు నేలని తాకింది, తర్వాత భుజం, తర్వాత హెల్మెట్. లోపల నా ఊపిరి చప్పుడు నాకే వినిపిస్తోంది. బతికున్నాను అనుకున్నాను. వెంటనే, గీత పడి ఉంటుంది అనుకున్నాను. అదే వరసలో. ఆ రెండు ఆలోచనల మధ్య ఒక్క క్షణం కూడా ఖాళీ లేదు.

కారు కొంచెం ముందుకెళ్ళి ఆగింది. కిటికీ అద్దం దిగింది. లోపలి మనిషి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. నాకు ఆ మొహం తెలుసు. ప్రభుదాస్ అంకుల్. మా సంఘ పెద్ద. దేవకుమార్‌కి ఉద్యోగం పోయి, వీసా మీద ఇక అరవై రోజులే ఉన్నప్పుడు, తనకు తెలిసినవాళ్ళతో మాట్లాడి ఇంకో ఉద్యోగం వచ్చేలా చేసింది ఆయనే. మా గృహప్రవేశానికి గుమ్మంలో నిలబడి ప్రార్థన చేసింది ఆయనే. నేను ఎడమచెయ్యి ఎత్తాను. ఆయన నన్ను చూశారు. హెల్మెట్ అద్దం నల్లటిది, నా మొహం ఆయనకి కనబడదు. కనబడింది రోడ్డు పక్క కూలబడిన ఒక మనిషి, ఎత్తిన ఒక చెయ్యి. కిటికీ అద్దం పైకి వెళ్ళింది. కారు కదిలింది.

ఉత్తరాలు పంచే వ్యాన్ నడిపే ఒకావిడ ఆగి, నాతోపాటు బండి లేపింది. పోలీసులకి ఫోన్ చెయ్యనా అని మూడుసార్లు అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దో ఆమెకి ఏ భాషలో చెప్పగలను? వాస్తున్న చేత్తోనే, నొప్పి ఓర్చుకుంటూ, రోడ్డు అంచునే, నడిచినంత నెమ్మదిగా ఇంటికి వచ్చాను. గీతలు పడ్డ వైపు గోడకి ఆనేలా బండిని గరాజ్‌లో పెట్టి, బట్టలు మార్చుకుని, చపాతీ పిండి కలిపాను. చావు తప్పించుకున్న మనిషి దాన్ని ఎవరికైనా చెప్పుకోవాలని కొట్టుకుపోతుంది. నాకు లోపల అదే. పిండి కలుపుతూ దేవకుమార్‌తో చెబుతున్నట్టు, ఆయన లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నట్టు ఊహించుకున్నాను. ఆ ఊహలో కూడా ఆయన రెండో మాట, బండి సంగతే.

ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘానికి సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చి కింద హాలు అద్దెకి తీసుకుంటాం. ఆడవాళ్ళం ఎప్పుడూ వెనక వరసల్లో కూర్చుంటాం, భోజనాలు వేడి చేయడానికి లేచి వెళ్ళడం తేలిక కాబట్టి. ఆ రోజు మాత్రం దేవకుమార్, అత్తగారు, నేను, షాలోమ్ మధ్యలో ఒకే వరసలో కూర్చున్నాం. ప్రభుదాస్ అంకుల్ లేచి మైకు దగ్గరికి వెళ్ళారు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ వారం దేవుడు నా ప్రాణాన్ని ఎలా కాపాడాడో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డాను. గురువారం సాయంత్రం హైవే మీద వస్తున్నాను. లేన్ మారుతుంటే ఎక్కడ్నుంచి వచ్చాడో తెలియదు, ఒక బైక్ కుర్రాడు రాకెట్‌లా నా పక్కకి దూసుకొచ్చాడు. ఒక్క సెకండ్. తగిలి ఉంటే కేసులు, కోర్టులు, ఈ వయసులో నా గతేంటి? ప్రభువు తన దూతని పంపి నా కారుని పక్కకి తిప్పాడు. వాడు కంకరలో పడ్డాడు. ఆగి చూశాను. దేవుని కృప, వాడికి కూడా ఏం కాలేదు. బాగానే ఉన్నానని చెయ్యి ఊపాడు."

హాలంతా "స్తోత్రం" అంది. దేవకుమార్ కూడా అన్నారు. అని, నా వైపు వంగి, "విన్నావా? అందుకే నీకు చెప్పేది. ఆ బైకుల మీద వెళ్ళేవాళ్ళకి బుద్ధుండదు" అన్నారు మెల్లగా.

ఆ క్షణంలో నాకు కోపం వచ్చిందని చెప్పలేను. కోపం రావాలంటే నేనక్కడ ఉండాలి. ఆయన సాక్ష్యంలో నేను లేను. ఒక కుర్రాడున్నాడు, వేగంగా వచ్చాడు, పడ్డాడు, చెయ్యి ఊపి ఆయన్ని క్షమించి పంపించాడు. మా ఆయన పక్కన కూర్చున్న మనిషిలోనూ నేను లేను. ఫ్రీజర్ తలుపు తగిలిన ఒక ఆవిడ ఉంది. మూడు రోజులుగా నా చెయ్యి ఒక్కటే నిజం చెబుతోంది, దాన్ని నేనే స్వెటర్‌లో దాస్తున్నాను. ఇప్పుడు ఊరుకుంటే ఈ కథే మిగులుతుంది. ఇకముందు ప్రతి ఏడూ ఈయన ఈ సాక్ష్యం చెబుతారు, నేను స్తోత్రం అంటాను.

"ఇంకెవరైనా ఉన్నారా?" అన్నారు పాస్టర్ గారు.

నేను లేచాను. బిర్యానీ వేడి చేయడానికి అనుకుని దేవకుమార్ కాళ్ళు పక్కకి తీసి దారి ఇచ్చారు. నేను అక్కడే నిలబడ్డాను.

"అందరికీ వందనాలు," అన్నాను. "గురువారం ఆ బైక్ మీద ఉన్నది నేను. నేను వేగంగా రాలేదు, నా లేన్‌లో నేనున్నాను. అంకుల్ ఫోన్ చూసుకుంటున్నారు. నేను చెయ్యి ఊపింది బాగున్నానని కాదు. ఆగమని."

దేవకుమార్ నా స్వెటర్ అంచు పట్టుకుని లాగుతూ, "కూర్చో పర్సిస్" అన్నారు. వాచిన చెయ్యి వైపే లాగారు. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కూర్చోలేదు.

ప్రభుదాస్ అంకుల్ మొహం పాలిపోయింది. "అయ్యో, నువ్వని నాకు తెలియదమ్మా. నువ్వని తెలిస్తే ఆగకపోదునా?"

"నేను కాకపోతే ఆగక్కర్లేదా అంకుల్?"

ఎవరూ ఆమెన్ అనలేదు. పాస్టర్ గారు, ప్రార్థన చేసుకుందాం అన్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో దేవకుమార్ స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నడిపారు. "నాతో చెప్పొచ్చుగా. అంతమందిలో చెప్పాలా? ఆయన మనకి ఎంత చేశాడు. రేపు నేను ఆయన మొహం ఎలా చూడాలి?" అన్నారు. ఇంకొంచెం దూరం వెళ్ళాక, "ఆ బండి ఇవాళే అమ్మకానికి పెడతాను" అన్నారు. నా చెయ్యి గురించి ఏమీ అడగలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి గుర్తుకు రాలేదు, అంతే. పదేళ్ళ నుంచి ఆయనకి గుర్తుకు రాకపోవడాన్ని నేనే పూడుస్తూ వచ్చాను.

వెనక సీట్లోంచి అత్తగారు, "పడ్డాక అక్కడ ఎంతసేపు ఉన్నావు?" అన్నారు.

"పావుగంట ఉంటానేమో అత్తయ్యా."

"నిన్ను చూసే వెళ్ళిపోయాడా?"

"ఆ."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

ఇంటికి రాగానే షాలోమ్‌కి పాలు ఇచ్చి, భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరిచాను. పోలీసులకి పంపాల్సిన యాక్సిడెంట్ రిపోర్టు ఫారం. ఎడమచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరం కొడుతున్నాను. తేదీ, సమయం, రోడ్డు. దేవకుమార్ వచ్చి నా వెనక నిలబడ్డారు. బండి అమ్మడానికి ఫోటోలు తీద్దామని గరాజ్‌లోకి వెళ్ళి వచ్చినట్టున్నారు, చేతిలో ఫోన్ ఉంది. గీతలు చూసే ఉంటారు.

"అవతలి డ్రైవర్ తెలుసా అన్న చోట నో అని పెట్టు," అన్నారు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు. "నీ ట్రీట్‌మెంట్‌కి, రిపేర్‌కి ఇన్సూరెన్స్ వాళ్ళకి అదే సరిపోతుంది. ఆయనకి డెబ్బై దాటాయి. లైసెన్స్ పోతుంది. మనం ఈ ఊళ్ళో ఉండాలి, ఆ చర్చికే వెళ్ళాలి. కొంచెం ఆలోచించు."

ఆలోచించాను. ఆయన చెప్పినవన్నీ నిజమే. అవన్నీ ఆలోచించే మూడు రోజులు నోరు మూసుకున్నాను. ఆ నో అనే గడి ఎంత తేలికో నాకు తెలుసు. యెస్ నొక్కాను. కింద ఇంకో గడి తెరుచుకుంది, పూర్తి పేరు అడుగుతూ. ప్రభుదాస్ అని కొట్టి ఆగిపోయాను. పదేళ్ళుగా అంకుల్ అనడమే కానీ, ఆయన ఇంటిపేరు నాకు తెలియదు.

"ఆయన ఇంటిపేరేంటండీ?" అన్నాను.

దేవకుమార్ ఫోన్ జేబులో పెట్టుకుని పక్కకి తిరిగారు. బల్ల అవతల కుర్చీ వెనక్కి లాగిన చప్పుడైంది. అక్కడ కూర్చున్న అత్తగారు లేచి, బల్ల చుట్టూ వచ్చి, కళ్ళజోడు సరిచేసుకుని, తెర మీదకి వంగారు.

"కొల్లాబత్తుల," అన్నారు. "పెద్ద పేరు. మెల్లగా చెప్తాను, కొట్టు."