పక్క సీటు కింది క్లచ్

మా ఆయన మధుకర్ పెట్టిన షరతు చిన్నదే. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి నుంచి పెద్ద అంబర్‌పేట్ దాకా కొత్త కారు నేనే నడుపుకుంటూ పోయి రావాలి. దారిలో ఎక్కడైనా ఆయన స్టీరింగ్ అందుకోవలసి వచ్చిందా, సాయంత్రానికి తాళం మా మరిది శ్రవణ్‌కుమార్ చేతికి పోతుంది.

కారు నా జీతంతో, నా పేరు మీద కొన్నది. అయినా పూజ చేసిన రోజు నిమ్మకాయల మీద టైరు ఎక్కించింది మరిదే. “ఊకె నిలబెడితే బ్యాటరీ దిగుతది వదినా, నేను తిప్పుతుంట తియ్యి” అన్నాడు. ఎంత దయ! తాళం ఒకసారి అతని జేబులో పడితే మళ్లీ నా బొడ్లోకి రాదని నాకు తెలుసు.

నాకు కారెందుకంటే, నేను పెద్ద అంబర్‌పేట్‌లో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. సాయంత్రం కాలేజీ బస్సు ఎల్బీ నగర్‌లో దింపుతుంది. ఆటో ఎక్కుతానన్నా, మెట్రో ఎక్కుతానన్నా “నేను లేనా?” అంటాడు మా ఆయన. ఫోన్ చేస్తే “గాడనే నిలబడు, అయిదు నిమిషాలల్ల ఒస్త” అంటాడు. ఆ అయిదు నిమిషాలు ముప్పావు గంటకు ఎన్నడూ తగ్గలేదు. పదహారేళ్లుగా నిలబడే ఉన్నాను.

అందుకే డ్రైవింగ్ స్కూల్లో చేరాను. నేర్పింది జోగారావు గారు, కాకినాడ వైపు మనిషి. ఆయన పక్కన కూర్చుంటే బండి ఎంత మెత్తగా పోయేదో! ఇరవై ఒక్క రోజుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. డ్రైవింగ్ నాకు పుట్టుకతోనే వచ్చిందేమో అనుకుని మురిసిపోయాను.

మా కారు మాత్రం ఆ ఆదివారం గేటు దాటేలోపే రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

“కారు నడుపుతున్నవా, మగ్గం తొక్కుతున్నవా?” అన్నాడు మా ఆయన.

ఒళ్లు మండింది గానీ ఆ మాటలో అబద్ధం లేదు. పోచంపల్లిలో పదో తరగతి దాకా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి పెరిగినదాన్ని. అక్కడ ఒక కాలు తొక్కితే రెండో కాలు టక్కున వదిలేయాలి. నా కాళ్లు ఇంకా అదే పని చేస్తున్నాయి.

చైతన్యపురి, కొత్తపేట ఎలాగో గడిచాయి. ఎల్బీ నగర్ దాటి అండర్‌పాస్‌లో దిగాక అసలు సంగతి మొదలైంది. పెళ్లిళ్ల రోజు కావడంతో ముందంతా కార్లే. సరిగ్గా పైకెక్కే చోట బండ్లు ఆగాయి. కాసేపటికి అవి కదిలాయి, మాది కదల్లేదు. ఎక్సలేటర్ తొక్కాను, ఎడమ కాలు వదిలాను, ఒక్క కుదుపుతో ఇంజన్ ఆగిపోయింది. మళ్లీ చేశాను, మళ్లీ ఆగింది. వెనక ఆర్టీసీ బస్సు హారన్ మీద చెయ్యి తీయడం లేదు.

“దిగు. ఇగ నేను కూసుంట” అని మా ఆయన తలుపు తెరవబోయాడు. తలుపు జానెడు తెరుచుకుని గోడకు ఆగింది. నా వైపు ఒక ఆటో అద్దానికి ఆనుకుని ఉంది. దిగడానికి వీల్లేదు, కదలడానికి వీల్లేదు. ఏసీ ఆగింది. తియ్యొద్దని ఆయన పట్టుబట్టిన సీటు ప్లాస్టిక్ కవరు నా వీపుకు అతుక్కుపోయింది. ఊపిరి అందలేదు. నిజంగా భయమేసింది.

జోగారావు గారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

“సార్, మీ బండి మంచిగ పోయేది. గిది ఎందుకు ఆగుతున్నది?”

“క్లచ్ ఎలా వదులుతున్నారండీ?”

“మీ బండిల ఎట్ల వదిలిన్నో, గట్లనే.”

“అమ్మా, మరేం అనుకోకండి. ఆ బండిలో నా సీటు కిందా క్లచ్ ఉంటుంది కదండీ. మీరు కాలు తీసేసినా నేను తొక్కిపట్టి మెల్లగా వదిలేవాణ్ణి. బండాగిపోతే రోడ్డు మీద తిట్లు తినేది నేనే కదండీ.”

“ఎన్ని రోజులు?”

“ఇరవై ఒక్క రోజులూనండి.”

మా ఆయన పగలబడి నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. నడిపానని నేననుకున్న ప్రతి కిలోమీటరూ ఇంకొకరి కాలు నడిపిందే. కళ్లు తుడుచుకుంటే ఆ నవ్వు ఇంకా పెరుగుతుందని తుడుచుకోలేదు.

“ఇప్పుడు చెప్పండి,” అన్నాను.

“హ్యాండ్ బ్రేకు లాగి ఉంచండి. ఫస్ట్ గేరు. కొంచెం ఎక్సలేటర్. ఎడమ కాలు మాత్రం బాగా మెల్లగా లేపండి. ఒకచోట బండి సన్నగా వణుకుద్ది. అక్కడ కాలు ఆపేసి, అప్పుడు బ్రేకు దించండి.”

మొదటిసారి తొందరపడ్డాను, ఆగింది. రెండోసారి బెత్తెడు వెనక్కి జారింది. బస్సు డ్రైవరు కేకేశాడు, మా ఆయన అంతకన్నా గట్టిగా కేకేశాడు. మూడోసారి ఎవరి మాటా వినలేదు. చెప్పు విడిచి, వట్టి పాదంతో క్లచ్‌ను లేపుతూ పోయాను. వణికింది. అక్కడే ఆపాను. బ్రేకు దించాను. కారు పైకెక్కింది.

“పక్కకు తియ్యి! చాలింక నీ డ్రైవింగు, నేను నడుపుత” అన్నాడు మా ఆయన.

తీశాను. అలవాటు కదా. ఆయన దిగి, బానెట్ ముందు నుంచి తిరిగి నా తలుపు దగ్గరికి వస్తూ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. “ఆ శ్రవణ్, పొద్దుగూకినంక రా, తాళం తీస్కపో” అంటున్నాడు.

పక్క సీటు కిందికి చూశాను. ప్లాస్టిక్ కప్పిన మ్యాట్ ఉంది. పెడల్స్ లేవు, ఎవరి కాళ్లూ లేవు. ఆయన నా తలుపు పట్టుకోబోతుంటే అద్దం కొంచెం దించాను.

“గాడనే నిలబడుండ్రి. అయిదు నిమిషాలల్ల ఒస్త.”

ఎడమ కాలు మెల్లగా లేపాను. పెద్ద అంబర్‌పేట్ పోయి రావడానికి అయిదు నిమిషాలు చాలవని ఆయనకూ తెలుసు.