బావమరిది నునుపు చేసిన గింజలు

ఆ పొద్దున ఆకాశం వానొస్తున్నట్టే నల్లబడి, నాలుగు చినుకులు రాల్చి, వేరేచోట పని ఉన్నవాడిలా వెళ్లిపోయింది. మా ఆవిడ అరుగు మీద కూర్చుని గిన్నెలోకి చూస్తోంది. రాత్రి నానేసిన గింజలు ఉబ్బలేదు. గులకరాళ్లలా అడుగున పడున్నాయి.

అవి గాలివానకి కూలిన మా పెరటి పసుప్పూల చెట్టువి. మిగిలింది ఆ గుప్పెడే. ఇవి మొలవకపోతే ఆ చెట్టు ఇక లేనట్టే. వాటి తోలు మహా గట్టిది, కాస్త గీరితే తప్ప నీరు లోపలికి పోదు. అందుకే గరుకు కాగితంతో రుద్దమని మా ఆవిడ వాళ్ల తమ్ముడికిచ్చింది. వాడు వడ్రంగి.

కబురందుకుని వాడొచ్చాడు.

"ఒరేయ్, వీటిని రుద్దావా లేదా?"

"భలేదానివక్కా. ముందు ముతక కాగితం, తర్వాత సన్నది, ఆపైన ఇంకా సన్నది. పట్టుకుని చూడు, చేతిలో నిలవవు."

"మరి ఈ మెరుపేంటి?"

"చివర్లో మైనం పట్టించా. లేకపోతే తడి లాగేస్తాయి కదా."

మా ఆవిడ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

"తడి లాగాలనేరా నీకిచ్చింది."

వాడు తల గోక్కున్నాడు. "పని సగంలో వదిలితే నాకు నిద్ర పట్టదక్కా. నువ్వైనా చెప్పు బావా."

"మీ అక్క ముందు నేనెప్పుడు చెప్పానోయ్?" అని లోపలికెళ్లి నెయిల్ కట్టర్ తెచ్చాను.

గింజకి ఒక కొసన చిన్న మచ్చ ఉంటుంది. మొలక అటు నుంచే వస్తుంది. రెండో కొసన తోలు చిటికెడు కత్తిరించి, లోపలి తెలుపు కనబడగానే ఆగాలి. వాడికది చూపించాను. వాడు మొదటి గింజ కత్తిరించి, తిప్పి చూసి, కట్టర్ రెండోవైపు పెట్టబోయాడు.

"అటెందుకురా?" అంది మా ఆవిడ.

"రెండువైపులా సమంగా ఉంటే బాగుంటుందని."

ఆవిడ కట్టర్ లాక్కుంది. మిగతావన్నీ తనే కత్తిరించింది. వాడు ఒక్కో గింజా అందిస్తూ, ప్రతిదానికీ "వంకర పోయిందక్కా" అంటూనే ఉన్నాడు.

మళ్లీ నానేస్తే, తెల్లారేసరికి గింజలు రెండింతలు ఉబ్బాయి. మా ఆవిడ సంచుల్లో మట్టి నింపి పాతింది. ఆపైన రోజూ మా కాఫీకన్నా ముందు వాటికే నీళ్లు.

మొలకలు కనబడ్డ రోజు తమ్ముణ్ణి భోజనానికి పిలిచింది. వాడు సంచుల ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. అక్క వచ్చి పక్కన నిలబడింది. ఆవిడ తడి కళ్లు చూసి, వంకరగా లేచిన మొలకని సరిచేయబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ముగ్గురం కూర్చున్నాం. ఆవిడ వాడికి అడక్కుండానే రెండోసారి వడ్డించింది.